మెత్తని గ

దాత్చాలో ఫిబ్రవరి అంటే
కొండవాలంతా బాదం పూత.
ఒకటో తరగతిలో గుండెల మీద
ఎర్ర రిబ్బన్లు పూసేదీ అప్పుడే.
చదవడం వచ్చిన పిల్లకి టీచర్ పిన్నుతో గుచ్చుతుంది.
ఇరవై ఇద్దరిలో ఇరవై ఒక్కరికి వచ్చాయి.
మిగిలింది మా అన్న కూతురు.
స్వెటర్ మీద ఆ చోటు గోకుతూ ఇంటికొచ్చింది.

అక్షరాలన్నీ వచ్చు దానికి. అదే వింత.
ఒక్కొక్కటీ వచ్చి గుమ్మంలో నిలబడతాయి,
ఎవరు పిలిచారో గుర్తులేని చుట్టాల్లా.
లోపలికి రావు. ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకోవు.
"క్. అ. ల్. ఎ. మ్."
కలిపితే?
"క్... మ్?"

నేను సహకార సంఘంలో బాదంకాయలు కొడతాను,
రోజుకి పదిహేను కిలోలు.
పాఠాలు చెప్పడం నాకేం తెలుసు?
బల్లమీద అయిదు పప్పులు పెట్టాను, దూరం దూరంగా.
ఒక్కో పప్పు మీద వేలు, వేలికో శబ్దం.
తర్వాత అరచేత్తో అన్నిటినీ దగ్గరికి తోశాను.
"ఇప్పుడు ఊపిరి తెంపకుండా."
"కలెమ్" అంది.
ఎవరో వెనకనుంచి పిలిచినట్టు ఉలిక్కిపడి
పెన్సిల్ కేసి చూసింది.
ఆ మాటని అయిదు పప్పులతో సహా తినేసింది.

మార్చిలో కొండ అడ్డం వచ్చింది.
మా భాషలో కొండకి మూడే అక్షరాలు,
ద్, అ, చివర మెత్తని గ.
నెత్తిన వెల్లకిలా పడుకున్న నెలవంక ఉంటుంది,
గొంతులో ఏమీ ఉండదు.
ఏ మాటకీ ముందు నిలబడదు.
"పలకనిది ఎందుకు మరి?"
నలభై ఏడేళ్ళు దాన్ని రాస్తూ
నేనెప్పుడూ అడగని ప్రశ్న.
కింద బుట్టలోంచి ఒక ఖాళీ గుల్ల తీశాను.
పప్పు, పప్పు, గుల్ల.
"దీని మీదికి వేలొచ్చినప్పుడు కొత్తగా ఏమీ అనకు.
పక్కవాణ్ణి నోరు మూయనివ్వకు, అంతే."
"దాఆఆ..."
కిటికీలోంచి చూస్తూ అంది.
కొండ కూడా అంత పొడుగ్గానే ఉంది.

దాని పేరులోనూ ఉందది, నట్టనడుమ.
ఏడేళ్ళుగా పలుకుతున్న పేరే, చదివి ఎరగదు.
చ్, అ, గుల్ల, ల్, అ.
చాఆ-లా.
బాదం పిందె అని అర్థం. లోపల ఇంకా నీరుగా ఉన్నప్పుడు
ఉప్పద్దుకుని తొక్కతో సహా నమిలేది.
అది పుట్టిన రోజు వాళ్ళ నాన్న తోపుడుబండి మీద అవే అమ్ముతున్నాడు.
చాలా? ఇంకోసారి.
చాలా. ఇంకోసారి.

ఆ తర్వాత అంతా అదే పేజీ.
పడవలో పిల్లి, అయిదు వాక్యాలు.
మొదటి రోజు అది ముగించేలోపు
నేను సగం గోనె కొట్టేశాను.
జ్వరమొచ్చి అన్నీ మళ్ళీ విడిపోయిన వారం ఉంది.
నేను కసిరిన సాయంత్రం ఉంది, దాని సంగతి వద్దు.
పక్కింటి పోయ్‌రాజ్ పుస్తకం తలకిందులుగా పట్టుకుని
గడగడా ఒప్పజెప్పి పోయాడొకసారి.
అదేమీ అనలేదు. వేలు పెట్టి మొదటినుంచి మొదలెట్టింది.
ఒక పూట, పిల్లి ఒడ్డుకి దూకే చోట,
దాని గొంతు కూడా దూకింది.
నేను తలెత్తి చూస్తే
వేలు పేజీ మీద లేదు, చెంపకి ఆనించుకుని ఉంది.

పిందెలు బజారుకొచ్చాక రిబ్బన్ వచ్చింది.
షెహ్నాజ్ టీచర్ కాస్త వంకరగా గుచ్చింది.

ఆదివారం రొట్టెకి పంపాను.
వట్టి చేతులతో పరిగెత్తుకొచ్చింది.
"మూసి ఉంది అత్తా. వాళ్ళింట్లో పెళ్ళంట."
ఎవరు చెప్పారే?
"కాగితం."
కాసేపాగి,
"పెళ్ళి అన్న మాటలోనూ గుల్ల ఉంది, తెలుసా?"

రొట్టె లేకుండానే టీ తాగాం.
అది మాత్రం కప్పు సగంలో వదిలేసి
వీధి చివరిదాకా వెళ్ళి
మూసి ఉందో లేదో మళ్ళీ చదివొచ్చింది.